అర మార్కు

మా అమ్మాయి చిన్నికి లెక్కల పేపరులో పోయింది అర మార్కే. నాకు మాత్రం పొద్దుటి నుంచీ అన్నం సహించలేదు. లెక్క 48 × 52. జవాబు 2496 అని ఒక్క ముక్క రాసి వచ్చేసింది. పక్కన ఎర్ర సిరాతో "స్టెప్స్ ఎక్కడ?" అని ఉంది. పేరెంట్స్ మీటింగులో టీచరు గారు ఆ పేపరు నా ముందు పెట్టి, "తెలివైనదేనండీ, కానీ నిర్లక్ష్యం ఎక్కువ" అన్నారు.

నిర్లక్ష్యమా! యాభై యాభైలు 2500, అందులోంచి రెండు రెళ్ళు నాలుగు తీసేసిందట. దానికి ఎవరూ చెప్పలేదు. నాలుగో తరగతి పిల్ల.

క్లాసులో ముందే అయిపోతే ఏం చేయిస్తున్నారండీ అని అడిగాను. "అలాంటివే ఇంకో ఇరవై ఇస్తున్నాం" అన్నారు. తొందరగా పని ముగించినందుకు శిక్ష కాక ఇదేమిటి? పైగా గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న కోచింగ్ అబ్బాయి, నాలుగు నుంచే ఫౌండేషన్ మొదలుపెడితే ఐఐటీకి ఢోకా ఉండదని బ్రోచరు చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి ఈయనకు చెబితే, "రామానుజన్ స్టెప్పులు రాశాడా ఏంటి? వదిలెయ్" అన్నారు. సాయంత్రం దాకా నాదీ అదే మాట.

బట్టలు మడతపెడుతుంటే అన్నయ్య గుర్తొచ్చాడు.

వాడి గురించి చాలాసార్లు రాశాను కానీ ఇది రాయలేదు. లారీ నంబరు కనిపిస్తే చాలు, 9తో పోతుందో లేదో లారీ మమ్మల్ని దాటేలోపే చెప్పేసేవాడు. అంకెలన్నీ కూడు, మొత్తం 9తో పోతే నంబరూ పోతుంది అని ఆ కిటుకు నాకు నేర్పింది వాడే. ఏడో తరగతిలో ఉండగానే పదో తరగతి లెక్కలు చేసేవాడు. మాస్టారికి వాడంటే ప్రాణం. ఆ ప్రేమతో ఆయన చేసిందల్లా వాణ్ణి మానిటర్ని చేసి, మిగతా పిల్లల నోట్సులు దిద్దించడం. మూడేళ్ళు దిద్దాడు. వాడికి రాని లెక్క మాత్రం ఒక్కటీ ఎవరూ ఇవ్వలేదు. ఇంటర్లో ఎంపీసీలో చేరాక, చూడగానే జవాబు తట్టని లెక్కలు మొదటిసారి ఎదురయ్యాయి. హాస్టల్ నుంచి వచ్చేసి వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ జ్వరమనుకుని నుదురు పట్టి చూసింది. "నాకు లెక్కలు రావమ్మా" అన్నాడు. పదహారేళ్ళవాడు. కాగితం మీద కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ తంటాలు పడటం వాడికి అప్పటిదాకా అవసరమే రాలేదు. ఏడాది తిరక్కుండా సీఈసీకి మారిపోయాడు. ఇప్పుడు ఎరువుల కొట్లో కాలిక్యులేటర్ ముట్టుకోడు. మా పిల్లల లెక్కల పుస్తకమూ ముట్టుకోడు.

ఇది గుర్తొచ్చాక టీచరు గారి మీద కోపం సగం దిగింది. రామానుజన్ విషయమూ అంతే. 1913లో ఆయన మద్రాసు నుంచి ఉత్తరం రాస్తే ఇంగ్లండులో లెక్కల పండితుడు హార్డీ అడిగింది రుజువులే. మన లెక్కల ఒలింపియాడ్ పోటీల్లోనూ మొదటి మెట్టు ఐఓక్యూఎం పరీక్షలో జవాబు అంకె ఒక్కటి గుర్తిస్తే చాలు, ఆ పై మెట్టు ఆర్‌ఎంఓలో ఆ జవాబు ఎందుకొచ్చిందో మొత్తం రాయాలి. అవన్నీ హైస్కూలు సంగతులు, ఇప్పుడే అక్కర్లేదు. కానీ రాయడం నేర్పాల్సింది 48 × 52 తో కాదు. జవాబు కంటికి కనిపిస్తుంటే పిల్ల ఎందుకు రాస్తుంది? రాయకపోతే దారి దొరకని లెక్క ఇవ్వాలి.

అలాంటిది ఇవ్వాలంటే దానికి ఎంతవరకు వచ్చో తెలియాలి. 25కి 24న్నర వచ్చిన పేపరు అది చెప్పదు. 1971లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ అనే ప్రొఫెసరు మొదలుపెట్టిన పద్ధతి, లెక్కల్లో చురుకైన పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకు కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ లెక్కల పేపరు ఇచ్చి చూడటం. నేను పెద్దోడి ఆరో తరగతి పుస్తకం ఇచ్చాను. భిన్నాలు చకచకా చేసేసింది. నిష్పత్తుల దగ్గర ఆగి అడిగింది. కోణాలు దానికి పట్టనే లేదు. ఐక్యూ పరీక్ష చేయిద్దామని రెండు నెలలుగా ఈయన ప్రాణం తీస్తున్నాను కదా, ఈ గంట చూశాక ఆ అంకె దానికోసం కాదు, నాకోసమే అడుగుతున్నానని అర్థమైంది.

అన్నాలయ్యాక చదరంగం బోర్డు తీశాను. పాత శుభలేఖలు కత్తిరించి 31 ముక్కలు చేశాను, ఒక్కోటి రెండు గళ్ళు కప్పేటట్టు. ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండు మూలల్లో ఒక్కో గడి వదిలేసి మిగతా 62 కప్పమన్నాను. ఎలా పెట్టినా చివరికి గళ్ళు విడివిడిగా మిగిలిపోతున్నాయి. గంట చేసింది. ముక్కలు విసిరికొట్టి "నాకు లెక్కలు రావు" అంది.

అన్నయ్య మాటే. నా గుండె జారిపోయింది.

కాసేపటికి ముక్కలు తనే ఏరుకుంది. "ఇది అవదమ్మా."

"ఎందుకవదు?"

"చేసి చూశాగా."

"ఇంకోలా పెడితే అవుతుందేమో?"

జవాబు చెప్పకుండా బోర్డు వంకే చూస్తూ ఉండిపోయింది. వదిలేసిన మూలలు రెండూ తెల్లవే, ప్రతి ముక్కా ఒక నల్లగడి ఒక తెల్లగడి కప్పుతుంది, మిగిలినవి 32 నల్లవి, 30 తెల్లవి. అంతా నోటిదాకా వచ్చింది. "పాపం, చెప్పెయ్యవే" అని ఈయన. ఆపుకున్నాను.

సోమవారం టీచరు గారిని కలిసి, ఆ ఇరవైకి బదులు ఇలాంటిది ఒక్కటి ఇస్తారా అని అడుగుతాను. బోర్డు డైనింగ్ టేబుల్ మీదే ఉంది. కదపొద్దని చీటీ రాసి, ఉప్పు సీసా బరువు పెట్టి పడుకుంది. పొద్దున్న అందరం కింద కూర్చునే టిఫిన్ తినాలి.