వెల్దుర్తి దాటాక అరగంట

ఈరోజు నాన్నకి కంటి ఆపరేషన్ తర్వాత మొదటి చెకప్. పొద్దున ఏడింటికే డోన్‌లో కర్నూలు వెళ్ళే పల్లెవెలుగు ఎక్కాం. నాన్న ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు, ఇప్పటికీ టికెట్‌ని సన్నగా మడిచి వాచీ బెల్టు కింద దూర్చుకుంటాడు. ఇవాళ కండక్టరు దగ్గర చిల్లర లేక టికెట్ వెనకాల 20 అని పెన్నుతో రాసి చుట్టూ సున్నా చుట్టి ఇచ్చాడు. నాన్న దాన్ని బాగున్న కంటికి దగ్గరగా పట్టుకుని చూసి, బాగానే రాశాడులే అన్నట్టు తల ఊపాడు.

వెల్దుర్తి దాటిన కాసేపటికి పోలీసులు బండ్లన్నీ ఆపేశారు. ఎవరో పెద్దమనిషి కాన్వాయ్ వస్తోందట. పది నిమిషాలన్నారు, అరగంటైంది. మా ముందు సీట్లో ఒకావిడ ఒళ్ళో జ్వరంతో ఉన్న పిల్లాడు, ఆవిడ బాటిల్ నీళ్ళతో కొంగు తడిపి వాడి నుదురు తుడుస్తూ, కిటికీలోంచి బయటికి చూస్తూ, మళ్ళీ తుడుస్తూ కూర్చుంది. దిగి అడుగుదామని లేచాను. నాన్న చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఈ జిల్లా బస్సుల వల్లనే ఒక ముఖ్యమంత్రి దిగిపోయినాడు, తెలుసా నీకు?" అన్నాడు.

నీలం సంజీవరెడ్డి సంగతి. పైపైన విన్నదే కానీ ఆగిన బస్సులో కూర్చుని నాన్న నోట వింటే వేరుగా అనిపించింది. అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, 1956లో ఆంధ్రప్రదేశ్‌కి మొదటి ముఖ్యమంత్రి. 1960లో కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళితే మన పెదపాడు దామోదరం సంజీవయ్య ఆ కుర్చీలో రెండేళ్ళున్నాడు, 1962లో మళ్ళీ ఈయనే వచ్చాడు. అప్పట్లో కర్నూలు జిల్లాలో చాలా రూట్లు ప్రైవేటు యజమానులవి, బస్సు నిండేదాకా కదిలేవి కావంటాడు నాన్న. వాటిని ప్రభుత్వం తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు జిల్లాలో పడమటి వైపు రూట్లనే ముందు పట్టుకున్నారు. రాజకీయంగా తనకి ఎదురు తిరిగిన వాళ్ళని దెబ్బ తీయడానికే ముఖ్యమంత్రి ఇలా చేయించాడని యజమానులు కోర్టుకెక్కారు. 1964లో సుప్రీంకోర్టు వాళ్ళ మాటే నమ్మింది. ఇంత ఆరోపణ వస్తే కాదని ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం కూడా వేయలేదని ఎత్తిచూపింది. దిగిపొమ్మని మాత్రం కోర్టు అనలేదు, అలా దిగాలని చట్టమూ లేదు. అయినా ఆయన రాజీనామా చేశాడు.

ఆయన తప్పేమీ చేయలేదని నేను అనను. కోర్టు తప్పుపట్టింది, అది చిన్న తప్పు కూడా కాదు, అధికారాన్ని కక్షకి వాడడం. కానీ ఆ మాట పడ్డాక ఇంక ఆ కుర్చీలో కూర్చోకూడదని అనుకున్నాడు చూడండి, అది నాకు గొప్పగా అనిపిస్తుంది. అదే 1956లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోతే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చాడు, నెహ్రూ ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే తమిళనాడులోని అరియలూరులో ఇంకో రైలు ప్రమాదం జరిగితే మళ్ళీ ఇచ్చి, వెళ్ళిపోయాడు. పట్టాలు ఆయన వేయలేదు, వంతెన ఆయన కట్టలేదు. చనిపోయినవాళ్ళకి జవాబు చెప్పాల్సింది తనే అనుకున్నాడు, అంతే. ఇప్పుడు ఏదైనా జరిగితే కింది ఉద్యోగి ఒకడు సస్పెండ్ అవుతాడు, అక్కడితో సరి. నాకు ఇది కడుపులో మండుతుంది, నాన్న కూడా ముప్పై ఏళ్ళు కింది ఉద్యోగే కదా.

దిగిపోతే బతుకు అయిపోతుందనే భయమేమో వీళ్ళకి. సంజీవరెడ్డికి ఏమీ అయిపోలేదు. 1967లో లోక్‌సభ స్పీకర్ అయ్యాడు, కాగానే స్పీకర్ అందరివాడని పార్టీకి రాజీనామా ఇచ్చేశాడు. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. 1977లో మన రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లుంటే కాంగ్రెస్ 41 గెలిచింది, మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది ఈయనే. అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు. ఆ లోక్‌సభ ఎన్నికలో ఓటు వేసిన రోజు మా జేజి కొత్త చీర కట్టుకుందని నాన్న చెప్పాడు.

ఈలోపు సైరన్లు వినపడ్డాయి. నల్లద్దాల బండ్లు వరసగా పోయాయి, నేను పదకొండు లెక్కపెట్టాను. బస్సు కదిలింది. ఆసుపత్రిలో మా టోకెన్ దాటిపోయి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. కన్ను బాగుందన్నారు, చుక్కలు ఇంకో నెల వేయాలి. ఆ పిల్లాడిని వాళ్ళమ్మ భుజాన వేసుకుని గబగబా ఆటో వైపు వెళ్ళడం వరకే చూశాను. రోజంతా వాడే గుర్తొస్తున్నాడు.

కర్నూలు బస్టాండులో దిగేటప్పుడు నాన్న అడగకముందే కండక్టరు టికెట్ తీసుకుని, వెనక రాసినది చూసి ఇరవై చేతిలో పెట్టాడు.

రాత్రి చుక్కలు వేస్తుంటే, కన్ను మూసుకునే నాన్న అడిగాడు, "పొద్దున పోయింది ఎవరురా?"

తెలీదు నాన్నా, అద్దాలు నల్లగా ఉన్నాయి, ఎవరూ కనపడలేదన్నాను.