ముంజేతికి ఆనించిన ఫ్లాస్కు

మన కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులో ఆటోక్లేవ్, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే యంత్రం, ఒక్కటే ఉండేది. అది మొరాయించిన రోజున అటెండర్ గారు ఇంటి నుంచి పెద్ద ప్రెషర్ కుక్కర్ మోసుకొచ్చేవారు. 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీలు, 15 నిమిషాలు. ఈ లెక్క పుస్తకంలో చదవకముందే నాకు ఆ కుక్కర్ దగ్గర వచ్చేసింది.

క్రిములు పెంచడానికి వాడే జెల్లీ లాంటి అగార్‌ను ప్లేట్లలో పోయడం నేర్పిందీ ఆయనే. మరీ వేడిగా పోస్తే మూతకు ఆవిరి పట్టి చుక్కలు రాలతాయి. ఆలస్యం చేస్తే ఫ్లాస్కులోనే గడ్డకడుతుంది. "ముంజేతికి ఆనించి చూడమ్మా, చెయ్యి ఓర్చుకోగలిగితే పోసెయ్" అనేవారు. రెండో ఏడాదిలో నేను పోసిన పన్నెండు ప్లేట్లలో ఏడింటి మీద, ఇంకా ఏ శాంపిలూ వేయకుండానే, మర్నాటికి తెల్ల చుక్కలు లేచాయి, అంటే బయటి క్రిములు చేరాయన్నమాట. ఏడ్చేశాను. ఆయన ఒక్క మాటా అనకుండా త్రాసు తెచ్చి నా ముందు పెట్టారు, మళ్లీ మీడియా (క్రిములకు ఆహారమైన పొడి) తూచమని.

ఎమ్మెస్సీ తర్వాత రెండేళ్లు ఫార్మా కంపెనీలో చేసి హాస్పిటల్ ల్యాబుకు మారాను. ఇక్కడ పనిలో సగం ఎదురుచూడటమే. రోగి రక్తం వేసి క్రిములు పెరుగుతాయేమో చూసే బ్లడ్ కల్చర్ సీసాలో క్రిమి కనబడ్డాక ప్లేటు మీద వేసి రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచాలి. ఆపైన ఏ మందు పనిచేస్తుందో తెలియడానికి యాంటీబయాటిక్ డిస్కులు (మందు పట్టించిన కాగితపు బిళ్లలు) పెట్టి మళ్లీ 16 నుంచి 18 గంటలు. టీబీ కల్చర్ ఘన మీడియా మీద అయితే ఎనిమిది వారాలు చూడందే టీబీ క్రిమి లేదని రాయలేం. "ఇవాళే ఇచ్చేయండి మేడమ్, నాన్నకి జ్వరం తగ్గట్లేదు" అని కిటికీ దగ్గర నిలబడ్డ కొడుక్కి ఇదంతా చెప్పాలి. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

మన కాలేజీ ల్యాబు గోడ మీద యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో గుర్తుందా? భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలోని మందుల కంపెనీ లేడర్లీలో పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడే అక్కడ బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. 1948లో అది బయటికొచ్చింది, ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. ఇప్పుడు కొన్ని ప్లేట్ల మీద టెట్రాసైక్లిన్ డిస్కును ఆనుకుని మరీ క్రిములు పెరిగి ఉంటాయి. స్కేలుతో కొలుద్దామంటే చుట్టూ క్రిములు పెరగని వలయమే ఉండదు. రిపోర్టులో రెసిస్టెంట్ (మందుకు లొంగనిది) అని రాస్తుంటే ఆ ఫొటో కళ్ల ముందుకొస్తుంది. జలుబుకు కూడా మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి కొనుక్కునే మన అలవాటు మీద కోపం వస్తుంది.

అటెండర్ గారు రిటైరయ్యారని విన్నాను. ఈసారి మన పూర్వ విద్యార్థుల కలయికకు వస్తే ఆయనకు చెప్పాలి: రెడీమేడ్ ప్లేట్లు వచ్చినా, మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లల చేత ముందు ఫ్లాస్కు ముంజేతికి ఆనించి చూసే పనే చేయిస్తున్నానని.