ముందు ల్యాప్‌టాప్‌కు, తర్వాత డెస్క్‌టాప్‌కు

ఒంగోలులో కంప్యూటర్ల దుకాణం నడిపే మా బాబాయి బెంగళూరుకు ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "కొత్త ప్రాసెసర్ ల్యాప్‌టాపుల్లో వచ్చి ఇన్ని నెలలైంది గదరా, డెస్క్‌టాప్‌కి ఎప్పుడొచ్చిద్ది?" కంపెనీలు కావాలనే సరుకు తొక్కిపెట్టి ధర పెంచుతాయని ఆయన నమ్మకం. పదకొండేళ్లుగా బెళ్ళందూరులోని ఒక ల్యాబులో చిప్పులు పరీక్షిస్తున్న నేను ఆ మాట ఒప్పుకోలేను.

కొత్త చిప్పుల మొదటి విడత నల్లటి ట్రేలలో మా దగ్గరికి వస్తుంది. ఒక్కోదాన్ని సాకెట్‌లో కూర్చోబెట్టి, వోల్టేజీనీ వేగాన్నీ కొంచెం కొంచెంగా మారుస్తూ నడిపిస్తే, నిలబడిన చోట పచ్చ గడి, తడబడిన చోట ఎర్ర గడి తెరమీద పడుతుంది. ఆ గడుల పటాన్ని మేం ష్మూ అంటాం. తయారీ పద్ధతి ఇంకా కుదురుకోనప్పుడు, తక్కువ వేగాల దగ్గర నిండుగా పచ్చగా ఉన్న పటం డెస్క్‌టాప్ వేగాలు వచ్చేసరికి ఎర్రబడిపోతుంది. ఆ చిప్పు చెడ్డదేమీ కాదు, ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేస్తుంది.

పరిమాణం సంగతి ఇంకా కఠినమైనది. చిప్పులన్నీ ఒకేసారి తయారయ్యే గుండ్రటి సిలికాన్ పలకను వేఫర్ అంటారు. 300 మిల్లీమీటర్ల వేఫర్ మీద 60 చోట్ల లోపాలున్నాయనుకుందాం. 100 చదరపు మిల్లీమీటర్ల చిప్పులైతే ఆరువందలకు పైగా పడతాయి, వాటిలో పదో వంతు కూడా పోవు. 600 చదరపు మిల్లీమీటర్లవైతే తొంభై పడటమే గొప్ప, అందులో మూడో వంతుకు పైగా చెత్తబుట్టకే. కాబట్టి ల్యాప్‌టాపులకు సరిపోయే చిన్నవి ముందు రావడం, పెద్దవి ఆగడం సహజం.

2016కు అనుకున్న ఇంటెల్ 10 నానోమీటర్ల తయారీ పద్ధతి 2018లో గ్రాఫిక్స్ ఆపేసిన ఒక చిన్న ప్రాసెసర్‌తో మొదలై, 2019లో ల్యాప్‌టాపులకు విరివిగా చేరి, డెస్క్‌టాప్‌కు 2021 నవంబరులో గాని రాలేదు. ఇంటెల్ పోటీదారు ఏఎండీ 2019లో కోర్లను (లెక్కలు చేసే భాగాలను) ఒకే పెద్ద చిప్పులో పెట్టకుండా చిన్న చిన్న చిప్పుల్లోకి విడగొట్టి ఈ చిక్కును చాలావరకు తప్పించింది. అయినా సెప్టెంబరుకని చెప్పిన 16 కోర్ల ప్రాసెసర్ నవంబరులోనే వచ్చింది.

మొన్న ఇదంతా విని బాబాయి, "అయితే తయారీలో ఆ తప్పు దిద్దటానికి ఎన్నాళ్లు పట్టిద్ది?" అన్నారు. ఇవాళ ఫ్యాక్టరీలోకి వెళ్లిన వేఫర్ బయటికి రావడానికే దాదాపు మూడు నెలలని, దిద్దిన ప్రతిసారీ అన్ని నెలలూ మళ్లీ ఆగాల్సిందేనని చెప్పాను. కాసేపు ఆలోచించి, పాత మోడల్ ప్రాసెసర్లకే పది పెట్టెలు ఆర్డరు పెడతానన్నారు.