హిజ్కియా కట్టిన కప్పం

బైబిల్ చరిత్రా కాదా అని అడిగేవాళ్లకు నేను ఒక్క మాటలో జవాబు చెప్పను. అది ఒకే పుస్తకం కాదు. శతాబ్దాల పొడవునా ఎందరో రాసి, తిరగరాసి, కూర్చిన గ్రంథాల సంపుటి. అందులో రాజుల వృత్తాంతాలున్నాయి, కీర్తనలున్నాయి, సామెతలున్నాయి, దర్శనాలున్నాయి. అడగవలసింది ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ఏ సంఘటన అని. నేను విశ్వాసిని. నమ్మేవాళ్లమే ఈ పరీక్షను ముందుగా చేయాలని నా పట్టుదల.

ఈ పరీక్షకు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు రాజుల రెండవ గ్రంథం 18వ అధ్యాయం. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి దండెత్తి వచ్చాడు. విశేషమేమిటంటే ఆ దాడి గురించి దాడి చేసినవాడే రాయించుకున్నాడు. అష్షూరు రాజధాని నీనెవె శిథిలాల్లో దొరికిన ఆరు పలకల మట్టి స్తంభం మీద 46 ప్రాకార పట్టణాలను పట్టుకున్నానని, యూదా రాజు హిజ్కియాను అతని రాజధాని యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానని గొప్పలు చెప్పుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనలేదు. గెలిచిన ప్రతి ఊరినీ లెక్కపెట్టుకున్న రాజు ఇక్కడ మౌనం వహించాడంటే నగరం అతని చేతికి చిక్కలేదన్నమాట. బైబిల్ చెప్పేదీ అదే.

హిజ్కియా అతనికి కట్టిన కప్పం సంగతి ఇంకా ఆసక్తికరం. బంగారం 30 తలాంతులని (తలాంతు ఆనాటి ఒక పెద్ద తూకం) బైబిల్ హీబ్రూ మూలమూ అష్షూరు శాసనమూ ఒకే లెక్క చెబుతాయి. వెండి దగ్గర మాత్రం బైబిల్ 300 అంటే శాసనం 800 అంటుంది. దేవాలయం తలుపుల బంగారాన్ని హిజ్కియా ఊడదీయించి ఇచ్చాడని రాజుల గ్రంథం దాచకుండా రాసింది. అదే కథను తర్వాతి కాలంలో చెప్పిన దినవృత్తాంతాల రెండవ గ్రంథంలో ఈ కప్పం ఊసే లేదు. తమ మంచి రాజుకు తలవంపులు తెచ్చే విషయాన్ని ఒకరు ఉంచారు, మరొకరు వదిలేశారు. ఉంచినవారి మీద నాకు ఎంతో గౌరవం.

యూదాలోని లాకీషు పట్టణం ఈ దాడిలో పతనమైన తీరును సన్హెరీబు తన రాజభవనం గోడల మీద చెక్కించాడు. ఆ రాతి పలకలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లాకీషు తవ్వకాల్లో అష్షూరు సైన్యం గోడ ఎక్కడానికి పోసిన రాళ్ల వాలుకట్ట బయటపడింది. ఒక పురాతన సంఘటనకు ఇరుపక్షాల రాతలూ, బొమ్మలూ, నేలలోని ఆనవాళ్లూ కలిసి దొరకడం చాలా అరుదు. ఇక దేవదూత ఒక్క రాత్రిలో 1,85,000 మందిని హతం చేశాడన్న వాక్యాన్ని రుజువు చేయడానికి గానీ కొట్టేయడానికి గానీ పురావస్తు శాస్త్రం దగ్గర పరికరం లేదు. అక్కడ నా విశ్వాసం మాట్లాడుతుంది. దానికి చరిత్ర అని పేరు పెట్టను.

అన్నిచోట్లా ఇలా కుదరదు. 1950లలో యెరికోలో తవ్విన కాథ్లీన్ కెన్యన్‌కు, బైబిల్ ప్రకారం ఆ ఊరి గోడలు కూలిన యెహోషువ కాలమని సాధారణంగా చెప్పే రోజుల్లో కూలిన ప్రాకారాలు కనిపించలేదు. లూకా సువార్త యేసు జననంతో ముడిపెట్టిన, రోమా అధిపతి కురేనియ జనాభా లెక్క క్రీ.శ. 6లో జరిగింది. మత్తయి సువార్త ప్రకారం యేసు పుట్టినప్పుడు రాజుగా ఉన్న హేరోదు క్రీ.పూ. 4లోనే చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. ఈ చిక్కును విప్పడానికి ఎన్నో వివరణలు వచ్చాయి. నాకు ఒక్కటీ తృప్తినివ్వలేదు.

బైబిల్ చేతిరాత ప్రతులు కాలక్రమంలో మారిపోయాయన్న ఆరోపణకు జవాబు 1947లో మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దొరకడం మొదలైంది. అక్కడి యెషయా గ్రంథపు చుట్ట, అంతవరకు తెలిసిన హీబ్రూ ప్రతులకన్నా సుమారు వెయ్యేళ్లు పాతది. వర్ణక్రమంలో, కొన్ని పదాల్లో తేడాలున్నా అది చాలావరకు మనం చదివే యెషయాయే. దీన్ని ప్రసంగాల్లో తరచుగా చెబుతారు. అవే గుహల్లో యిర్మీయా గ్రంథానికి పొడవైన పాఠమూ పొట్టి పాఠమూ రెండూ దొరికాయని చెప్పడం మాత్రం నేను దాదాపు వినలేదు. మార్కు సువార్త చివరి 12 వచనాలు 4వ శతాబ్దపు గ్రీకు చేతిరాత ప్రతులైన సినాయి ప్రతిలో, వాటికన్ ప్రతిలో లేవు. యెషయా చుట్ట గురించి చెప్పే వేదిక మీదే ఇవీ చెప్పాలి. వినేవాళ్లు తట్టుకోలేరని అనుకోవడం వాళ్లను చిన్నచూపు చూడటమే.