మీ తాళాలు

"అమ్మా, ఇవి మీ తాళాలేనట" అంది మా అమ్మాయి, నోట్స్ పుస్తకం చూపిస్తూ. మన కాదు, మీ. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

ఏడాది కిందట ఆన్‌లైన్ పాట క్లాసులో, అవతల గురువుగారు చూస్తుండగానే ఎనిమిది లెక్కల ఆదితాళం మధ్యలో చెయ్యి తీసేసి "ఎందుకమ్మా ఎప్పుడూ ఎనిమిదే?" అని లేచిపోయిన పిల్ల ఇది. నేను మూడు రోజులు మాట్లాడలేదు. శిక్ష ఎవరికో తెలీదు కానీ, ఆ మూడు రోజులూ అది హాయిగానే ఉంది.

ఇప్పుడు ఆర్గన్ నేర్చుకుంటోంది, చర్చిలో ఉండే గొట్టాల ఆర్గన్. భువనగిరిలో మా అమ్మకి "కీబోర్డు" అని చెప్పాను. మీటలున్నాయిగా!

ఈ క్రిస్మస్‌కి వాళ్ళ మాస్టారు, ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియా 1935లో రాసిన 'లా నాతివితే ద్యు సెన్యర్' వాయిస్తారు. క్రీస్తు పుట్టుక మీద తొమ్మిది భాగాలు, ఒక్క ఆర్గన్ కోసమే. మా పిల్ల పక్కన నిలబడి పేజీలు తిప్పాలి, ఏ గొట్టాలు మోగాలో మార్చే పిడులు, స్టాపులంటారు, అవి లాగాలి. లెక్క తప్పితే అంతే. ఆ లెక్క కూడా తిన్నగా ఉండదు. సాఫీగా సాగే నడకలో ఎక్కడో ఓ అరమాత్ర అదనంగా ఇరికిస్తాడు మెస్సియా, నడక కుంటుతుంది. సరిగ్గా ఆ అరమాత్ర జారినందుకే దీన్ని నేనెన్నిసార్లు కసిరానో.

ఆయనకి మన లయల మీద మోజట. శార్ఙ్గదేవుడు పదమూడో శతాబ్దంలో 'సంగీత రత్నాకరం'లో చెప్పిన 120 దేశీ తాళాల పట్టిక పారిస్‌లో ఓ విజ్ఞాన సర్వస్వంలో దొరికితే, దాంతోనే జీవితమంతా గడిపాడు. ఎవరూ చెవి మెలేయలేదు. నేనా రాత్రంతా ఫోన్లో వెతికి, రాచకొండ సింగభూపాలుడు ఆ గ్రంథానికి వ్యాఖ్యానం రాశాడని పట్టుకుని, పొద్దున్నే "మా వైపు రాజేనే!" అని ఉపన్యాసం మొదలుపెట్టాను. అంతా విని "నువ్వు చదివావా?" అంది. నేను పాట క్లాసు మూడో నెలలో మానేసినదాన్ని. మెస్సియా 1931 నుంచి పోయేదాకా, అరవయ్యేళ్ళు ఒకే చర్చిలో వాయించాడు.

తెలిసినవాళ్ళు అడిగితే "పిల్లల్ని చిన్నప్పుడే మన సంగీతంలో పెట్టండి" అని చెబుతుంటాను. ఇప్పుడు ఆ మాట సగంలోనే నీరసపడుతోంది. ఎవరి సంగీతం, ఎవరు పెట్టడం?

నిన్న రిహార్సల్‌కి కార్లో వెళ్తూ ఓరకంట చూశాను. ఒళ్ళో నోట్స్, తొడ మీద అరచెయ్యి. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. అరమాత్ర దగ్గర వేలు గాల్లో ఓ క్షణం ఆగి దిగుతోంది. చూసి ఊరుకోవచ్చుగా! "అది మన పద్ధతే కదే!" అనేశాను.

చెయ్యి తీసి కోటు జేబులో పెట్టుకుంది. బూట్లలో కాలివేళ్ళతో లెక్కపెట్టుకుంటోందేమో, అడగలేదు.