రన్ అంటే పరుగే అనుకున్నా ఇన్నాళ్లూ

నిన్న మా అక్క కొడుకు హోంవర్క్ పట్టుకొచ్చి మావయ్యా రన్ అంటే ఏంటి అన్నాడు, పరిగెత్తడం రా అని గొప్పగా చెప్పేశా. వాడు పుస్తకం ముందు పెట్టాడు, అందులో పాపకి జలుబు చేసి నోస్ రన్ అవుతోందట. ముక్కు ఎక్కడికి పరిగెడుతోంది మావయ్యా అంటే నోట మాట రాలేదు నాకు 😅

అప్పుడు మొదలైంది అసలు కథ. కుళాయి రన్ అయితే నీళ్లు, ఉతికిన చొక్కా రన్ అయితే రంగు దిగడం, ఎలక్షన్‌లో రన్ అంటే పోటీ, రన్ ఇంటూ అంటే అనుకోకుండా ఎదురుపడటం, అదే రన్ ఓవర్ అంటే మనిషి బండి కింద పడ్డట్టే, చిన్న ముక్క మారితే ప్రాణం మీదకొస్తుంది! రన్ ఔట్ మాత్రం నన్ను చెప్పనివ్వలేదు, క్రికెట్ కదా అన్నాడు. కాదురా, సరుకు అయిపోవడం కూడా అదే అంటే నమ్మడే.

నాకు భలే నచ్చిందేంటంటే ఇంగ్లీష్ వాళ్ల బిజినెస్ పరిగెడుతుంది, మన వ్యాపారం నడుస్తుంది. మిషనూ అంతే, బండీ అంతే.

ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ 1989 ఎడిషన్‌లో అన్నిటికన్నా పొడుగు ఎంట్రీ సెట్ అనే మాటది, తర్వాత రన్ దాన్ని దాటేసింది, క్రియగానే 645 అర్థాలట. ఇది చెప్తే వాడు అన్నీ రాయాలా అని ఏడుపు మొహం పెట్టాడు.

మనం తక్కువ తిన్నామా అసలు, నిద్ర పట్టలేదు, తుప్పు పట్టింది, చెమట పట్టింది, టైం పట్టింది... ఇవి ఇంగ్లీష్ వాళ్లకి ఎవరు చెప్తారో పాపం.