లైసెన్సు నాది, చేతులు వాళ్ళవి

సోలారు శిక్షణ తరగతిలో మాకు పని చూపిస్తున్న ఆ అమ్మాయికి మా పెద్దకూతురి వయసు కూడా ఉండదు. తీగ చివర లోహపు పిన్ను పెట్టి నేను నొక్కిన అతుకును, అంటే క్రింపును, వైసులో బిగించి, హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి, భూతద్దం నా చేతిలో పెట్టింది. "మీరే చూడండన్నా" అంది తమిళంలో. రాగి తీగలన్నీ ఒక్క ముద్దగా కలిసిపోయి ఉండాల్సిన చోట, గట్టిపడని వేరుశనక్కాయ లోపలిలా ఖాళీలు కనిపించాయి. పక్కనే ఆమె నొక్కినది ఉంది. అందులో తీగకూ తీగకూ మధ్య గీత కూడా లేదు, నాణెం అంచులా మెరుస్తోంది.

నేను నెల్లూరులో ఐటీఐ చదివి 1998లో చెన్నైలోని పెరంబూరు వచ్చాను. అప్పటినుంచి నా చేతిలో ఉన్నది కటింగ్ ప్లయరే. ఫ్యానైనా, మోటారైనా, ఇన్వర్టరైనా దానితోనే బిగించాను. సోలారు వచ్చినప్పుడూ అదే ప్లయరుతో మేడ ఎక్కాను. పలకల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టరుకు వేరే పనిముట్టు ఉందనీ, అది పూర్తిగా నొక్కితే తప్ప తెరుచుకోదనీ తెలియక కాదు. కొనలేదు, అంతే.

ఆ ఖాళీలను చూస్తుంటే కొళత్తూరులో ఒక మేడ గుర్తుకొచ్చింది. అక్కడ కనెక్టరు ఒకటి గోధుమరంగుకు మారి, కరిగి, పలక కింద వేలాడుతోంది. అప్పుడు సరుకు నాసిరకమని తిట్టి కొత్తది వేసి వచ్చాను. మిట్టమధ్యాహ్నం పది పన్నెండు ఆంపియర్లు ఆ ఖాళీల మీదుగా పోతుంటే వేడెక్కక ఏమవుతుంది? పైగా మగ కనెక్టరు ఒక కంపెనీది, ఆడ కనెక్టరు ఇంకొకరిది. రెండూ పైకి మాత్రం చక్కగా టిక్కుమని కూర్చుంటాయి, అదే మోసం. ఇంట్లోని ఏసీ కరెంటులో నిప్పురవ్వ లేస్తే ఆరిపోయే అవకాశమైనా ఉంటుంది. ఆ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి. పలకల నుంచి వచ్చే డీసీకి ఆ సున్నా లేదు. ఆరు పలకలు వరుసగా కలిపితే దాదాపు మూడు వందల వోల్టులు, ఎండ ఉన్నంతసేపూ ఆపే స్విచ్చు సూర్యుడి దగ్గరే ఉంటుంది.

రెండో రోజు బ్యాటరీలు. అక్కడ ఇంకా సిగ్గుపడ్డాను. నిరుడు విల్లివాక్కంలో ఒక రిటైర్డు తెలుగు మాస్టారి ఇంట్లో పాత ట్యూబులర్ రకం సీసం బ్యాటరీలు నాలుగు తీసేసి లిథియం బ్యాటరీ పెట్టాను. పదహారు సెల్లులు, 51.2 వోల్టులు. ఇన్వర్టరులో సెట్టింగు మాత్రం ట్యూబులర్ మీదే వదిలేశాను. సీసం బ్యాటరీకి అప్పుడప్పుడూ ఎక్కువ వోల్టేజీతో ఛార్జి ఇవ్వడం మంచిదే. లిథియం బ్యాటరీ లోపల కాపలా కాసే సర్క్యూటు, బీఎంఎస్, అది చూసి "చాలు" అని తలుపు వేసేస్తుంది, ఇన్వర్టరేమో బ్యాటరీ లేదని కూత పెడుతుంది. మాస్టారు రాత్రి రెండింటికి ఫోను చేసి, "నాయనా, మళ్ళీ అరుస్తోంది, మీ అమ్మగారికి నిద్ర లేదు" అనేవారు. రెండు నెలలు నేను బ్యాటరీ కంపెనీతో వారంటీ కోసం పోట్లాడాను. తరగతిలో ఆ సెట్టింగు పేజీ తెర మీద వేసినప్పుడు నోరు మెదపలేదు. బయటికొచ్చి తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్ళాను. నాలుగు బటన్ల పని. ఆయన కాఫీ ఇప్పించారు, కారణం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

చదువు లేదని చెప్పడానికి లేదు మన దేశంలో. జాతీయ సౌరశక్తి సంస్థ 2015 నుంచి సూర్యమిత్ర శిక్షణ నడిపిస్తోంది. ఆరు వందల గంటలు, మూడు నెలలు. మా మేనల్లుడు అది చదివాడు, నాకంటే శుభ్రంగా పని చేస్తాడు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అని వీధివీధినా అడిగేవాళ్ళే. పని పెరిగింది, పని చేసేవాళ్ళూ పెరిగారు. కానీ ఒకసారి సర్టిఫికెట్టు వచ్చాక మళ్ళీ బల్ల ముందు కూర్చోబెట్టి "ఏదీ, ఒక క్రింపు చేసి చూపించు" అని నన్ను ఎవరూ అడగలేదు. ఈ తరగతికి కూడా మధ్యాహ్నం భోజనం బాగుంటుందని ఎవరో చెబితేనే వెళ్ళాను.

మా తోడల్లుడి కొడుకు మెల్‌బోర్న్‌లో ఇదే పని చేస్తాడు. అక్కడ 2024లో క్లీన్ ఎనర్జీ కౌన్సిల్ నుంచి సోలార్ అక్రెడిటేషన్ ఆస్ట్రేలియా అనే సంస్థ సోలారు బిగించేవాళ్ళకు గుర్తింపు ఇచ్చే పనిని తీసుకుంది. పలకలకు ఒక గుర్తింపు, బ్యాటరీలకు మరొకటి. శిక్షణకు పాయింట్లు ఉంటాయి, అవి కూడబెట్టకపోతే గుర్తింపు నిలవదు. అన్నిటికంటే నన్ను తాకింది ఇంకోటి. గుర్తింపు ఉన్న మనిషి పని మొదలుపెట్టేటప్పుడు, మధ్యలో, చివర పరీక్షించేటప్పుడు మూడుసార్లు అక్కడే నిలబడి తన ఫొటో తీసుకోవాలట. విని నవ్వాను. నవ్వి ఆగిపోయాను. పోయిన మార్చిలో ఒకేరోజు మూడు ఇళ్ళకు నా లైసెన్సు మీద పని జరిగింది. నేను ఉన్నది ఒక్క ఇంట్లో, అదీ కొబ్బరినీళ్ళు తాగుతూ. మిగతా రెండు మేడల మీద మా కుర్రవాళ్ళే. ఒకడిది నాయుడుపేట, ఒకడిది తిరువళ్ళూరు. లైసెన్సు ఉన్న మనిషికి శిక్షణ ఇస్తే సరిపోతుందనుకునేవాళ్ళు ఆ మేడ మెట్లు ఎక్కి చూడలేదన్నమాట.

మా కుర్రవాళ్ళకు తెలిసి నాకు తెలియనివీ ఉన్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు వేళచ్చేరిలో నేను మెట్ల కింద పెట్టిన బ్యాటరీ మునిగిపోయింది. గోడకు ఛాతీ ఎత్తులో పెడదామని ముందే అన్నవాడు నాయుడుపేట కుర్రవాడు. బ్రాకెట్టుకు ఖర్చెందుకని నేనే కాదన్నాను.

ఇప్పుడు పళ్ళచక్రం ఉన్న క్రింపింగ్ టూలు కొన్నాను. ఆదివారం పొద్దున దుకాణం షట్టరు సగం ఎత్తి ముగ్గురం కూర్చుంటాం. నాలుగు స్క్వేర్ ఎంఎం వైరు ముక్కలు, ఒక్కొక్కరికి ఐదు క్రింపులు, తర్వాత లాగి చూడటం, కోసి చూడటం. ఎవరిది ఎవరు చేశారో తెలియకుండా కలిపేస్తాం. మొన్న ఆదివారం తిరువళ్ళూరు వాడు ఒకటి తీసుకుని భూతద్దంలో చాలాసేపు చూశాడు. నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా దాన్ని పనికిరానివాటి డబ్బాలో వేశాడు.